టెనెసీ నుంచి దామోదర్ దాకా

వెనుకబడిన ప్రాంతపు అభివృద్ధిని వేర్వేరు ప్రభుత్వ శాఖలకు వదిలిపెట్టకుండా, ఆ ప్రాంతం కోసమే చట్టం చేసి నెలకొల్పిన ఒక సంస్థ చేతిలో పెట్టాలన్న ఆలోచన అమెరికాలో రూపుదిద్దుకొని, రెండు దశాబ్దాలలోపే ఇటలీనీ భారతదేశాన్నీ ప్రభావితం చేసింది. 1933 మే 18న అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకంతో టెనెసీ వ్యాలీ అథారిటీ ఏర్పడేనాటికి ఏడు రాష్ట్రాలలో విస్తరించిన ఆ పరీవాహక ప్రాంతం, అంటే టెనెసీ నదికి నీరందించే మొత్తం భూభాగం, వరదలతో, మలేరియాతో, కోతకు గురైన పొలాలతో చితికిపోయి ఉంది; పల్లెల్లో కరెంటు దాదాపు లేదు. ఆనకట్టల నిర్మాణం, విద్యుత్తు అమ్మకం, ఎరువుల తయారీ, అడవుల పెంపకం వంటి పనులన్నీ ఒకే సంస్థ చేపట్టడమూ, దాని ప్రధాన కార్యాలయం లోయలోని నాక్స్‌విల్‌లోనే ఉండడమూ ఆ పథకానికి బలమయ్యాయి. అయితే 1936లో పూర్తయిన నోరిస్ ఆనకట్ట కోసం వేల కుటుంబాలు ఊళ్లు వదిలినప్పుడు భూ యజమానులకు పరిహారం దక్కింది గానీ, సొంత భూమి లేని కౌలుదారులకు దక్కింది స్వల్పమే.

ఇటలీ ప్రభుత్వం 1950లో దక్షిణ ప్రాంతం కోసం 'కాసా పెర్ ఇల్ మెజ్జోజోర్నో' అనే ప్రత్యేక నిధి సంస్థను స్థాపించి, మొదట రోడ్లు, మంచినీరు, భూముల బాగుసేతపైనా, 1957 తర్వాత భారీ పరిశ్రమలపైనా ధనం వెచ్చించింది. టరాంటోలో వెలసిన ఉక్కు కర్మాగారం వంటివి వేలమందికి ఉపాధి ఇచ్చినా, వాటి చుట్టూ స్థానిక చిన్న పరిశ్రమలు ఆశించినంతగా అల్లుకోలేదు. దక్షిణాది యువకులు లక్షలాదిగా టురిన్, మిలాన్ నగరాలకు తరలిపోతూనే ఉన్నారు. 1984లో ఆ సంస్థ రద్దయింది.

భారతదేశంలోని దామోదర్ నదీలోయ కథ ఇంతకన్నా క్లిష్టమైనది. 1943 వరద కలకత్తా రైలు, రోడ్డు మార్గాలను తెంచివేసిన తర్వాత, టెనెసీ సంస్థలో పనిచేసిన ఇంజనీరు వూర్దుయిన్ ప్రాథమిక ప్రణాళిక రూపొందించగా, 1948లో కేంద్ర చట్టంతో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఏర్పడింది. ప్రతిపాదించిన ఆనకట్టలన్నీ కట్టలేదు. 1953, 1959 మధ్య తిలయ్యా, కోనార్, మైథాన్, పంచేత్ అనే నాలుగింటిని మాత్రమే పూర్తి చేశారు. కేంద్రం, బీహార్, పశ్చిమ బెంగాల్ అనే మూడు ప్రభుత్వాల మధ్య నిలిచిన ఆ సంస్థకు టెనెసీ సంస్థకున్నంత స్వేచ్ఛ లేదు. కార్యాలయం సైతం ఆనకట్టలకు దూరంగా కలకత్తాలో ఉండేది. అన్నిటికన్నా బాధాకరమైన విషయం, ముంపు బరువులో ఎక్కువ భాగం ఎగువన ఛోటానాగ్‌పూర్ ఆదివాసీల మీద పడగా, వరద రక్షణ, కాలువ నీళ్లు ప్రధానంగా దిగువ బెంగాల్ రైతులకు దక్కడం. ఒక నమూనాతోపాటు దాని ఆనకట్టలు ఖండాలు దాటగలిగాయి గానీ, లోయలోనే ఉండి స్వేచ్ఛగా నిర్ణయించే అధికారం దాటలేకపోయింది. నిర్వాసితులకు జరిగిన అన్యాయం మాత్రం రెండు నదుల ఒడ్డునా ఒకేలా కనిపిస్తుంది. దామోదర్ పథకం ఫలించిందా లేదా అని తేల్చే చరిత్రకారులు తమ లెక్కను ఆ ఎగువ గ్రామాల నుంచే మొదలుపెట్టాలి.