కుడి సీటు దాకా వచ్చిన దారులు

తార్నాక చౌరస్తా చుట్టుపక్కల ఒక పాత రైలు కంపెనీ ఆనవాళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. సిగ్నల్ ఇంజనీర్లకు పాఠాలు చెప్పే ఇరిసెట్, రైల్వే డిగ్రీ కాలేజీ, కాస్త అవతల లాలాగూడ వర్క్‌షాపు, మెట్టుగూడ క్వార్టర్లు, అన్నీ నిజాం స్టేట్ రైల్వే వేసిన పునాది చుట్టూ పెరిగినవే. తార్నాకలోని ఆర్టీసీ ఆసుపత్రికి కూడా ఆ చుట్టరికం ఉంది. 1932లో 27 బస్సులతో ఈ నేల మీద ప్రభుత్వ బస్సు సర్వీసు మొదలుపెట్టింది ఆ రైల్వేనే. పట్టాలు, రోడ్డు చాలక 1945లో టాటాలతో కలిసి అదే రైల్వే విమానాల కంపెనీ కూడా పెట్టింది. పేరు దక్కన్ ఎయిర్‌వేస్. కేంద్రం బేగంపేట. ఇవాళ తార్నాకలో మెట్రో ఎక్కితే ఎక్కడా దిగకుండా ఆ పాత రన్‌వే పక్కకే చేరతాం.

విశ్వవిద్యాలయం, విమానాశ్రయం ఈ ఊళ్లో దాదాపు ఒకేసారి లేచాయి. 1918లో ఏర్పడి అద్దె భవనాల్లో తరగతులు మొదలుపెట్టిన ఉస్మానియాకు అడిక్‌మెట్ గుట్టల మీద ఆర్ట్స్ కాలేజీ పని 1934లో మొదలైంది. 1939 డిసెంబర్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ప్రారంభించాడు. ఆ మధ్యలోనే, 1936లో, బేగంపేట టెర్మినల్‌కు యువరాణి దుర్రుషెహ్వార్ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. రెంటికీ ఖజానా ఒకటే గానీ గుమ్మాలు మాత్రం వేరు. ఆ రోజుల్లో క్యాంపస్‌లోకి రావాలంటే ఉర్దూ రావాలి, ఫీజు మాత్రం పెద్ద భారం కాదు. బేగంపేటలో బాబర్ మీర్జా నిలబెట్టిన హైదరాబాద్ ఏరో క్లబ్‌లో విమానం నేర్చుకోవాలంటే జేబు బరువుగా ఉండాలి. జాగీర్దార్ల కొడుకులకూ పెద్ద అధికార్ల పిల్లలకూ అది సరదా. మామూలు ఇంటి కుర్రాడు విమానాన్ని చూడాలంటే కంచె అవతల నిలబడాల్సిందే.

రెండో ప్రపంచయుద్ధం ఈ లెక్కను తారుమారు చేసింది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలేసిన డకోటాలు ఇండియాలో చవగ్గా దొరికాయి. వాటిని కొని పుట్టగొడుగుల్లా కంపెనీలు లేచాయి. విమానాలు దొరికాయి సరే, నడిపేవాళ్లేరి? అప్పుడే వాయుసేన నుంచి బయటికొచ్చిన పైలట్లు కనబడ్డారు. వాళ్ల ముందు ఏరో క్లబ్ పైలట్లు తేలిపోయారు.

ఎందుకో తెలియాలంటే లాగ్‌బుక్ తెరవాలి. పైలట్‌కు బయోడేటా అదే. ఏ తేదీన, ఏ రకం విమానం మీద, పగలా రాత్రా, కమాండ్‌లోనా పక్క సీట్లోనా అని ప్రతి ప్రయాణాన్నీ గంటల్లో రాసుకుంటూ పోవాలి. క్లబ్ పైలట్ పుస్తకంలో ఒంటి ఇంజన్ చిన్న విమానాలు, ఎండ కాసిన పొద్దుటి గంటలు. యుద్ధంలో రవాణా విమానాలు నడిపినవాడి పుస్తకంలో డకోటాలు, రెండు ఇంజన్లు, వాన, రాత్రి. రెండు పుస్తకాల్లోనూ మొత్తం గంటలు ఒకటే అయినా ఉద్యోగం ఇచ్చేవాడి కళ్లు రెండో పుస్తకం మీదే ఆగుతాయి. ఎనభై ఏళ్లవుతున్నా ఈ చూపు పెద్దగా మారలేదు.

ప్రేమ్ మాథుర్ ఉద్యోగం కోసం తిరిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో నేర్చుకుని 1947లో కమర్షియల్ లైసెన్సు సంపాదించింది. ఎనిమిది కంపెనీలు ఆమెను కాదన్నాయి. క్లబ్‌లో నేర్చుకోవడం ఒక లోటయితే, ఆడమనిషి కావడం అంతకన్నా పెద్ద లోటయింది. ఆమె నడుపుతోందంటే ప్రయాణికులు ఎక్కరన్నది వాళ్లు చూపిన సాకు. చివరికి పిలిచి ఇంటర్వ్యూ చేసి ఉద్యోగం ఇచ్చింది హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేస్. అలా ఒక భారతీయ మహిళ మొదటిసారి ఎయిర్‌లైన్ పైలట్‌గా జీతం తీసుకుంది ఈ ఊళ్లోనే. చార్మినార్ గురించి రాసినంత ఓపికగా ఈ సంగతి మనవాళ్లు దాదాపు ఎవరూ రాయలేదు. హైదరాబాద్ విమానయాన చరిత్రకు పి. అనురాధారెడ్డి ఒక పుస్తకమే కేటాయించారు. అంతకుమించి ఊరి జ్ఞాపకంలో ఇది పెద్దగా నిలవలేదు.

అయితే కథ అక్కడితో సుఖాంతం కాలేదు. ఇచ్చింది కుడి సీటు. అది కోపైలట్‌ది, కెప్టెన్ ఎడమవైపు కూర్చుంటాడు. 1949లో జాతీయ ఎయిర్ రేస్‌లో ఆమె గెలిచింది. మగ పైలట్ ఎవరైనా ఆ గెలుపు చూపించి మెట్టెక్కేవాడే. కావలసిన గంటలు నిండాక కమాండ్ అడిగితే కంపెనీ ఇవ్వనంది. ఉద్యోగం ఇచ్చే ధైర్యం చేసిన కంపెనీయే పైమెట్టు దగ్గర చేయి వదిలేసింది. ఆమె ఢిల్లీ వెళ్లి జి.డి. బిర్లా సొంత విమానం నడిపి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది.

అదే ఏడు ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది కంపెనీలను కలిపి ప్రభుత్వం చేసిన సంస్థ అది. ఇక దేశం లోపలి ప్రయాణాలకు ఉద్యోగం ఇచ్చేది ఒకే యజమాని. బేగంపేట కంపెనీ పోయినా ఊరికి పైలట్లతో బంధం పోలేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన శిక్షణ కేంద్రాన్ని ఈ ఊళ్లోని ఫిరోజ్‌గూడలో పెట్టింది. ఆ సంస్థ పైలట్లు కొత్త రకం విమానం నేర్వడానికి ఇక్కడి సిమ్యులేటర్ ఎక్కేవారు.

మరి ఉస్మానియా డిగ్రీ ఈ దారిలో ఎందుకైనా పనికొచ్చిందా? ఎయిర్‌లైన్ వైపు చూస్తే పెద్దగా లేదనే చెప్పాలి. కమర్షియల్ లైసెన్సుకు డిగ్రీ అక్కర్లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్, మెడికల్ పరీక్ష, 200 గంటల ఫ్లయింగ్, అందులో 100 గంటలు కమాండ్‌లో ఉండాలి. ఆ గంటలకు అయ్యే ఖర్చు మాత్రం లక్షల్లో మొదలై, ఎయిర్‌లైన్లు నడిపే కేడెట్ కోర్సుల్లో కోటి దాకా పోతుంది. క్యాంపస్ హాస్టల్లో గ్రూప్స్‌కు చదువుకునే పిల్లవాడికి ఆ ఖర్చు లెక్క చూపిస్తే నవ్వుతాడు. కానీ డిగ్రీకి ఇంకో గుమ్మం ఉంది. వాయుసేన అఫ్‌క్యాట్ పరీక్షకు గ్రాడ్యుయేట్లు కూర్చోవచ్చు; గెలిస్తే శిక్షణ దుండిగల్‌లో, ఖర్చు సర్కారుది. పద్నాలుగేళ్ల షార్ట్ సర్వీసు ముగించి ఎయిర్‌లైన్లకు వెళ్లేవాళ్లు ఉంటారు. అక్కడ మళ్లీ పాత లాగ్‌బుక్కే అడ్డొస్తుంది. రవాణా విమానాలు నడిపినవాడు సులువుగా సర్దుకుంటాడు. ఫైటర్ పైలట్ ప్రయాణం ఒక్కోటి గంటో గంటన్నరో. ఎంత గొప్ప పైలటైనా అన్నేళ్ల సర్వీసు తర్వాత కూడా గంటల లెక్కలో వెనకబడొచ్చు.

డబ్బూ లేక, సైన్యమూ కాకుండా వచ్చినవాళ్లు తక్కువ. పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా వాళ్లలో ఒకరు. తండ్రి బేకరీలో పనివాడు. దాతల సాయంతో బేగంపేటలోని విమాన శిక్షణ అకాడమీలో సెస్నా 152 మీద గంటలు పోగుచేసి 2013లో లైసెన్సు తెచ్చుకుంది. అది ఒంటి ఇంజన్ విమానం. ఎయిర్‌లైన్లు అడిగేది రెండు ఇంజన్ల రేటింగ్. చేతిలో లైసెన్సు ఉన్నా ఉద్యోగం లేక ఆగిపోయింది. తెలంగాణ ప్రభుత్వం డబ్బిచ్చి విదేశీ శిక్షణకు పంపాకే ఆమె లాగ్‌బుక్‌లో ఆ గడి నిండింది.