యూనిట్ - 9 : పాటలు ఎక్కించడం – పోర్టబుల్ మ్యూజిక్ ప్లేయర్ల చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• 1979 నుంచి పాటను ప్లేయర్‌లోకి చేర్చే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో వివరించగలుగుతారు.
• ఎంపీ3 వల్ల పాట పరిమాణం ఎంత తగ్గిందో లెక్కవేసి చూపగలుగుతారు.
• 1999 నాటి రియో తీర్పు, 2003 నాటి ఐట్యూన్స్ స్టోర్ ప్రాముఖ్యాన్ని అంచనా వేయగలుగుతారు.
• ఒక పాత మెమరీ కార్డును చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

మొబైల్ ఇంటర్నెట్ చవక కాకముందు మన ఊళ్ళలో ‘పాటలు ఎక్కించడం’ అనే మాట తరచుగా వినబడేది. మెమరీ కార్డు తీసుకుని మొబైల్ దుకాణానికి వెళితే, దుకాణదారు దాన్ని తన కంప్యూటర్‌కు తగిలించి, మీరు అడిగిన సినిమాల పాటలు అందులోకి కాపీ చేసి ఇచ్చేవాడు. మీలో చాలామంది ఆ పని చేయించుకుని ఉంటారు. చూడటానికి అది కొద్ది నిమిషాల పని. చరిత్ర విద్యార్థి దృష్టిలో మాత్రం అది చిన్న విషయం కాదు.

పోర్టబుల్ సంగీత చరిత్రను సాధారణంగా యంత్రాల వరుసగా చెబుతారు: వాక్‌మన్, రియో, ఐపాడ్. ఈ యూనిట్‌లో మనం వేరే ప్రశ్న వేసుకుందాం. పాట ఆ యంత్రంలోకి ఏ దారిన చేరింది? ఆ దారి ఎవరి చేతిలో ఉంది? ప్లేయర్ కొన్నది శ్రోతే అయినా, అందులోకి పాట ఎలా చేరాలో నిర్ణయించే అధికారం కోసం రికార్డు కంపెనీలు, యంత్రాల తయారీదారులు, న్యాయస్థానాలు, శ్రోతలు ముప్పై ఏళ్ళకు పైగా పెనుగులాడారు. ఆ పెనుగులాటే ఈ యూనిట్ విషయం.

9.2 క్యాసెట్ దశ: గంట పాటకు గంట సమయం

ఫిలిప్స్ కంపెనీ 1963లో కాంపాక్ట్ క్యాసెట్‌ను ప్రవేశపెట్టింది. సోనీ కంపెనీ 1979 జూలై 1న జపాన్‌లో వాక్‌మన్‌ను విడుదల చేసింది. నడుస్తూ, ప్రయాణిస్తూ, పక్కవారికి వినబడకుండా తనకు నచ్చిన పాట వినే అలవాటు దీనితో ప్రపంచమంతటా వ్యాపించింది.

క్యాసెట్‌లోకి పాట చేర్చడానికి రెండు దారులు ఉండేవి. ఒకటి, కంపెనీ రికార్డు చేసి అమ్మిన క్యాసెట్ కొనడం. రెండు, ఖాళీ క్యాసెట్‌లోకి రికార్డు చేసుకోవడం. మన పట్టణాల్లో రికార్డింగ్ దుకాణాలు ఈ రెండో దారిలోనే నడిచాయి. మీరు కాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు ఇస్తే, దుకాణదారు వాటిని వరుసగా రికార్డు చేసి పెట్టేవాడు. మామూలు యంత్రం మీద పాట ఎంతసేపు సాగితే రికార్డు కావడానికి అంతసేపూ పట్టేది. 60 నిమిషాల క్యాసెట్ నింపాలంటే దాదాపు గంట. పైగా కాపీ నుంచి మరో కాపీ తీసిన కొద్దీ శబ్దం మసకబారేది. అంటే కాపీకి ఒక సహజమైన హద్దు ఉండేది: కాలం ఖర్చయ్యేది, నాణ్యత తగ్గేది. తరువాతి దశలో ఈ రెండు హద్దులూ చెరిగిపోయాయి. అసలు వివాదం అక్కడ మొదలైంది.

9.3 ఎంపీ3: పాట బరువు తగ్గింది

సీడీలో శబ్దం అంకెల రూపంలో ఉంటుంది. ఒక్కో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, ఎడమ, కుడి అని రెండు మార్గాలు. వీటిని గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు వస్తాయి. ఈ లెక్కన నాలుగు నిమిషాల పాట సుమారు 42 మెగాబైట్లు. 1990ల నాటి కంప్యూటర్ హార్డ్ డిస్కుకు అది భారమే. 56 కిలోబిట్ల టెలిఫోన్ మోడెమ్ మీద అలాంటి పాట ఒకటి దింపుకోవాలంటే గంటన్నరకు పైగా పట్టేది.

ఈ భారాన్ని తగ్గించినది ఎంపీ3. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన సహచరులు దీని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించారు. దీని సూత్రం మన అనుభవంలో ఉన్నదే. జాతరలో డప్పు మోగుతున్నప్పుడు పక్కవారి గుసగుస మన చెవికి అందదు. పెద్ద శబ్దం చాటున మరుగయ్యే చిన్న శబ్దాలను గుర్తించి, వాటికి తక్కువ బిట్లు కేటాయించడం లేదా వాటిని వదిలేయడం ఎంపీ3 చేసే పని. ఈ ఫైళ్ళకు ‘.ఎంపీ3’ అనే తోకపేరును 1995 జూలైలో ఖరారు చేశారు. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున కుదిస్తే అదే నాలుగు నిమిషాల పాట 3.84 మెగాబైట్లకు వస్తుంది. అంటే సీడీ పరిమాణంలో పదకొండో వంతు. మోడెమ్ మీద సుమారు తొమ్మిది నిమిషాల్లో దిగుతుంది.

ఇప్పుడు పాటకు కొత్త దారి ఏర్పడింది. సీడీని కంప్యూటర్‌లో పెట్టి అందులోని పాటలను ఫైళ్ళుగా మార్చుకోవడం మొదటి మెట్టు. దీన్ని రిప్పింగ్ అన్నారు. ఆ ఫైళ్ళను ప్లేయర్‌లోకి పంపడం రెండో మెట్టు. క్యాసెట్ కాలంలో లేని ఒక మధ్యవర్తి ఈ దారిలోకి వచ్చింది. అదే కంప్యూటర్.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1) క్యాసెట్ కాపీకి ఉన్న రెండు సహజమైన హద్దులు ఏమిటి?
2) 128 కిలోబిట్ల ఎంపీ3లో ఐదు నిమిషాల పాట పరిమాణం ఎంత? లెక్కించండి.

9.4 రియో వివాదం (1998-99)

1998లో దక్షిణ కొరియాకు చెందిన సేహాన్ కంపెనీ ఎంపీమ్యాన్ అనే ప్లేయర్‌ను తెచ్చింది. అదే ఏడాది అమెరికాలో డైమండ్ మల్టీమీడియా కంపెనీ రియో పీఎంపీ300ను 200 డాలర్ల ధరకు విడుదల చేసింది. రియోలో 32 మెగాబైట్ల మెమరీ ఉండేది. పై లెక్క ప్రకారం చూస్తే ఎనిమిది పాటలు, అంటే సుమారు అరగంట సంగీతం. ప్రింటర్ తగిలించే పోర్టుకే దీన్నీ తగిలించి పాటలు ఎక్కించేవారు. ఆ మెమరీ నిండాక అందులోకి కొత్త పాటలు ఎక్కించాలంటే పాతవి తీసేయాల్సి వచ్చేది.

ఇంత చిన్న యంత్రం అమ్మకాన్ని ఆపాలని అమెరికా రికార్డు కంపెనీల సంఘం 1998 అక్టోబరులో కోర్టుకెక్కింది. డిజిటల్ రికార్డింగ్ యంత్రాలలో కాపీ మీద కాపీ తీయకుండా అడ్డుకునే ఏర్పాటు ఉండాలని, తయారీదారులు రాయల్టీ చెల్లించాలని 1992 నాటి అమెరికా చట్టం నిర్దేశించింది. రియో ఆ చట్టం కిందికి వస్తుందని సంఘం వాదించింది.

1999 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ వాదనను తిరస్కరించింది. తీర్పులోని తర్కాన్ని మీరు జాగ్రత్తగా గమనించాలి. రియో నేరుగా సీడీ నుంచి గాని, రేడియో నుంచి గాని రికార్డు చేయలేదు. కంప్యూటర్ హార్డ్ డిస్కులో అప్పటికే ఉన్న ఫైలును మాత్రమే తీసుకుంటుంది. హార్డ్ డిస్కు కేవలం సంగీతం కోసం ఉన్నది కాదు. కాబట్టి చట్టం చెప్పిన ‘రికార్డింగ్ సాధనం’ నిర్వచనంలో రియో ఇమడదు. తన దగ్గర ఉన్న పాటను వెంట తీసుకెళ్ళడానికి వీలుగా చోటు మార్చుకోవడం వ్యాపారం కాదు, వ్యక్తిగత వినియోగమని కూడా కోర్టు పేర్కొంది. ఒక్కమాటలో చెప్పాలంటే, రియోను నిలబెట్టినది అందులోకి పాట ఎక్కే దారే.

సరిగ్గా అదే నెలలో నాప్‌స్టర్ వచ్చింది. ఒకరి కంప్యూటర్‌లోని పాట మరొకరికి డబ్బు లేకుండా చేరసాగింది. కోర్టు వ్యాజ్యాల ఫలితంగా 2001 జూలైలో అది మూతపడినా, శ్రోతల అలవాటు మాత్రం మారలేదు.

9.5 ఐపాడ్, ఐట్యూన్స్: దారిని సుగమం చేసినవారే ద్వారపాలకులు

యాపిల్ కంపెనీ ఐట్యూన్స్ సాఫ్ట్‌వేర్‌ను 2001 జనవరిలోను, ఐపాడ్‌ను అదే ఏడాది అక్టోబరు 23న ప్రకటించింది. ఐపాడ్ ధర 399 డాలర్లు, నిల్వ సామర్థ్యం 5 గిగాబైట్లు. 160 కిలోబిట్ల చొప్పున వెయ్యి పాటలు పడతాయని కంపెనీ చెప్పింది.

అయితే వెయ్యి పాటలు ఎక్కించడం ఎలా? అప్పట్లో వాడుకలో ఉన్న యూఎస్‌బీ వేగం సెకనుకు 12 మెగాబిట్లు. ఆ దారిలో 5 గిగాబైట్లు నింపడానికి కాగితం మీద లెక్కలోనే దాదాపు గంట. ఆచరణలో ఇంకా ఎక్కువ. ఐపాడ్ 400 మెగాబిట్ల ఫైర్‌వైర్ తీగను వాడింది. అదే తీగతో చార్జింగ్ కూడా అయ్యేది. తీగ తగిలించగానే ఐట్యూన్స్ తెరుచుకుని, కంప్యూటర్‌లోని పాటల భాండాగారాన్ని ప్లేయర్‌లో యథాతథంగా ప్రతిబింబించేది. దీనికే సింక్ అని పేరు. ఏ పాట ఎక్కింది, ఏది ఎక్కలేదు అని శ్రోత చూసుకోనక్కర్లేదు.

ఈ సౌకర్యానికి ఒక మూల్యం ఉంది. సింక్ ఒకవైపే నడిచేది. కంప్యూటర్ నుంచి ఐపాడ్‌కు పాట వెళ్ళేది గాని, మామూలు పద్ధతిలో తిరిగి వచ్చేది కాదు. మరొకరి కంప్యూటర్‌కు తగిలించి సింక్ చేయబోతే, ఉన్న పాటలన్నీ చెరిపి కొత్తవి ఎక్కించమంటారా అని అడిగేది. తొందరలో ‘సరే’ నొక్కినవారి సేకరణ క్షణాల్లో పోయేది.

సోనీ మరీ కఠినమైన దారి ఎంచుకుంది. 1999 నుంచి వచ్చిన దాని మెమరీ ప్లేయర్లకు ఎంపీ3 ఫైళ్ళను సొంత ఫార్మాట్‌లోకి మార్చి ఎక్కించాల్సి వచ్చేది. పైగా గ్రంథాలయంలో పుస్తకం అరువిచ్చినట్టు, కంప్యూటర్ పాటను ప్లేయర్‌కు లెక్క ప్రకారం ‘ఇచ్చి’, తిరిగి ‘జమ’ చేసుకునేది. వాక్‌మన్‌తో ఈ రంగాన్ని సృష్టించిన కంపెనీ 2004లో గాని ఎంపీ3ని నేరుగా వినిపించే విధానానికి మారలేదు. అప్పటికి ఐపాడ్ చాలా ముందుకు వెళ్ళిపోయింది.

9.6 తాళం వేసిన పాట (2003-2009)

2003 ఏప్రిల్ 28న ఐట్యూన్స్ మ్యూజిక్ స్టోర్ అమెరికాలో మొదలైంది. రెండు లక్షల పాటలు, ఒక్కోటి 99 సెంట్లు. మొదటి వారంలోనే పది లక్షల పాటలు అమ్ముడయ్యాయి. డబ్బు పెట్టి కొనడం దొంగకాపీ దించుకోవడం కంటే సులువైతే జనం కొంటారని దీనితో రుజువైంది.

కానీ అమ్మిన పాటకు ఫెయిర్‌ప్లే అనే డిజిటల్ తాళం ఉండేది. అది పరిమిత సంఖ్యలో కంప్యూటర్లలోనే మోగేది. ప్లేయర్లలో ప్రధానంగా ఐపాడ్‌కే ఎక్కేది. ఐపాడ్ పాడైతే, ఆ పాటలను నేరుగా ప్లేయర్‌లో వినడానికి చాలావరకు మళ్ళీ ఐపాడే కొనాల్సి వచ్చేది. రికార్డు కంపెనీలు దొంగకాపీల భయంతో అడిగిన తాళమే చివరికి వాటినీ ఒకే దుకాణానికి కట్టిపడేసింది. 2007 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ తాళాలు ఎత్తివేయాలని బహిరంగంగా కోరాడు. 2009లో ఐట్యూన్స్ పాటలకు తాళం తొలగింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
1) రియో కేసులో ‘చోటు మార్చుకోవడం’ అనే భావన ఏమిటి?
2) డిజిటల్ తాళం వల్ల రికార్డు కంపెనీలకు కలిగిన ప్రతికూల ఫలితం ఏమిటి?

9.7 తెలుగు శ్రోత అనుభవం

ఐట్యూన్స్ స్టోర్ భారతదేశంలోకి 2012 డిసెంబరులో గాని రాలేదు. అప్పటిదాకా ఇక్కడ ఐపాడ్ ఉన్నవారు కూడా సీడీల నుంచో, ఇతర మార్గాల నుంచో పాటలు తెచ్చుకోవాల్సిందే. ఎక్కువమంది చేతిలో ఉన్నవి చవక ఎంపీ3 ప్లేయర్లు, మెమరీ కార్డు ఉన్న ఫోన్లు. వీటికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్ డ్రైవ్‌లా కనబడేవి. ఫైలు కాపీ చేస్తే చాలు. అందుకే మొబైల్ దుకాణం పాత రికార్డింగ్ దుకాణానికి వారసురాలైంది. ఇది చట్టబద్ధమైన వ్యాపారం కాదన్నది మరవరాదు. మన కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ వ్యక్తిగత వినియోగపు మినహాయింపును విస్తరించింది గాని, డబ్బు తీసుకుని కాపీలు పంచే దుకాణానికి అది వర్తించదు. పాట రాసినవారికి, పాడినవారికి ఆ డబ్బులో వాటా చేరలేదు.

మరో సమస్య పేర్లది. ప్లేయర్ తెర మీద కనబడే పాట పేరు ఫైలులోని ట్యాగ్ నుంచి వస్తుంది. 1996లో వచ్చిన ఐడీ3 ట్యాగ్ ఫైలు చివర 128 బైట్లు మాత్రమే: పాట పేరుకు 30, కళాకారునికి 30, ఆల్బమ్‌కు 30 అక్షరాలు, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, ఇంకా సంగీత శైలికి ఒక సంకేతం. పాశ్చాత్య ఆల్బమ్ కోసం కుట్టిన ఈ చొక్కా తెలుగు సినిమా పాటకు సరిపోలేదు. కళాకారుడు అంటే ఎవరు? గాయకుడా, సంగీత దర్శకుడా? గీత రచయితకు ఇందులో గడే లేదు. తెలుగు లిపికీ చోటు లేదు. దాంతో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళాయి. దీర్ఘాన్ని ఒకరు ఒక అక్షరంతో, ఇంకొకరు రెండు అక్షరాలతో రాయడం వల్ల ఒకే పాట రెండుగా కనబడేది. సంగీత దర్శకునికి, గీత రచయితకు గడులు, యూనికోడ్ లిపులకు వీలు తరువాతి ఐడీ3 రూపాల్లో వచ్చినా, అప్పటికే తిరుగుతున్న లక్షల ఫైళ్ళను తిరగరాసినవారు లేరు. చేతిలో ఎంత సంగీతం ఉన్నా, ఆ పాట రాసిన కవి పేరు మాత్రం దారిలోనే రాలిపోయింది.

కృత్యం: మీ ఇంట్లో పాత మెమరీ కార్డు గాని, ఎంపీ3 ప్లేయర్ గాని ఉంటే, ముందుగా అందులోని ఫైళ్ళన్నిటినీ కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. ఫైళ్ళ పేర్లు, తేదీలు, ట్యాగ్‌లు ఒక పట్టికగా రాయండి. ట్యాగ్‌లో ఏదైనా వెబ్‌సైట్ పేరు కనబడితే ఆ పాట వచ్చిన దారి తెలుస్తుంది. ఆ పాటలు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ఎక్కించారో ఇంట్లో పెద్దలను అడిగి రాసుకోండి. ఆలస్యం చేయకండి. విద్యుత్తు తగలకుండా ఏళ్ళ తరబడి పడి ఉన్న ఫ్లాష్ మెమరీలో సమాచారం చెరిగిపోయే అవకాశం ఉంది.

9.8 ఎక్కించే పని ముగిసిన కాలం

స్పాటిఫై 2008లో స్వీడన్‌తో పాటు కొన్ని ఐరోపా దేశాల్లో, 2019లో భారతదేశంలో మొదలైంది. ఇలాంటి స్ట్రీమింగ్ సేవల్లో పాట శ్రోత దగ్గరకు చేరదు, వినేటప్పుడు మాత్రమే వస్తుంది. డౌన్‌లోడ్ చేసుకున్నా అది ఆ యాప్‌లోనే, చందా నడిచినంత కాలమే వినబడుతుంది. 2017లో సారెగామా కంపెనీ ఐదు వేల హిందీ పాటలు ముందే నింపి అమ్మిన కార్వాన్‌కు ఆదరణ లభించడం గమనార్హం. పాటలు ఎక్కించే శ్రమ వద్దనుకున్న పెద్ద వయసు శ్రోతలు దాన్ని ఇష్టపడ్డారు. 2022 మే 10న యాపిల్ ఐపాడ్ తయారీని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది.

9.9 సారాంశం

క్యాసెట్ కాలంలో పాట ఎక్కించడం నెమ్మదిగా సాగే పని, అయితే దారి శ్రోత చేతిలో ఉండేది. ఎంపీ3 ఆ పనిని క్షణాల్లోకి తెచ్చింది. రియో తీర్పు దానికి చట్టపరమైన నీడ ఇచ్చింది. ఐట్యూన్స్ దారిని సుగమం చేస్తూనే దానికి ద్వారం బిగించింది. స్ట్రీమింగ్ ఆ దారినే తీసేసింది. ప్రతి దశలో శ్రోతకు శ్రమ తగ్గింది, దానితో పాటు తన సేకరణ మీద పట్టు కూడా తగ్గుతూ వచ్చింది. దుకాణంలో నింపించుకున్న కార్డు చట్టం దృష్టిలో లోపభూయిష్టమే. అయినా ఒక కుటుంబం ఒక కాలంలో ఏ పాటలు కోరి విన్నదో చెప్పే జాబితా అందులో ఉంది. రేపటి చరిత్రకారునికి అలాంటి జాబితాలు దొరకడం కష్టం.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) పోర్టబుల్ ప్లేయర్లలోకి పాట చేరే దారిపై అదుపు 1979 నుంచి 2022 వరకు ఎలా చేతులు మారిందో చర్చించండి.
2) రియో కేసు నేపథ్యాన్ని, తీర్పును, దాని ప్రాముఖ్యాన్ని వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) ఐపాడ్ సింక్ పద్ధతిలోని సౌలభ్యాలు, పరిమితులు.
2) ఐడీ3 ట్యాగ్ తెలుగు సినిమా పాటకు ఎందుకు సరిపోలేదు?
3) పాత మెమరీ కార్డు ఏ విధంగా చారిత్రక ఆధారం అవుతుంది?