దివిసీమ తీరమున అలయు, ఉప్పెనయు

అవనిగడ్డనుండి కోడూరు మీదుగా పోయి, హంసలదీవి వేణుగోపాలస్వామిని సేవించి, ఆవల పాలకాయతిప్ప యిసుకలో కొంతసేపు నిలిచిన పెద్దలు ఒక సంగతి గమనించియే యుందురు. అక్కడ కెరటము దరికి వచ్చి ఒక్కుమ్మడిగా విరుచుకొని పడదు. దూరముననే నురుగుకట్టి, మరల లేచి, మరల విరిగి, తుదకు మోకాలిబంటి నీరై మన పాదములచెంతకు వచ్చును.

దీనికి కారణము అడుగుననున్న నేల. నడిసముద్రమున అల నడచుచున్నట్లు కనబడునే గాని నీరు నడువదు. గాలికి వరివెన్నులు ఒరిగి లేచునట్లు, నీరు ఉన్నచోటనే సుడిచుట్టి తిరుగుచుండును. ఒక అల శిఖరమునకును దాని వెనుకటి శిఖరమునకును గల దూరములో సగముకంటె లోతు తగ్గగానే అలకు నేల తగులును. అప్పటినుండి దాని నడక మందగించును. ముందరిది నిదానింపగా వెనుకటిది దానిని తరుముకొని వచ్చును. నడుమ దూరము కుదించుకొని, ఎత్తు హెచ్చును. లోతు నీటిలో పడవవాడు నిమిషమునకు ఎన్ని అలలు లెక్కించునో, ఒడ్డున వలవేయువాడును రమారమి అన్నియే లెక్కించును. మారినవి వేగమును ఆకారమును మాత్రమే. అల యెత్తు నీటి లోతులో ముప్పాతిక వంతునకు వచ్చునప్పటికి శిరస్సు ముందునకు తూలి విరిగిపోవును.

ఏటవాలుగా వచ్చిన అలయైనను, లోతు తక్కువైన వైపు ముందుగా నెమ్మదించుటచే, మెల్లగా మళ్లి ఒడ్డునకు సమముగా చేరును. కాడిలో ఒక ఎద్దు నిదానించినచో బండి ఆవైపునకు తిరుగుట మనకు క్రొత్త కాదు గదా.

మన తీరమున ఈ లోతు లేమికి కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రే కారణము. 1611వ సంవత్సరమున ఇంగ్లీషు వర్తకులు బందరున దిగిననాడును, తరువాత చిరకాలమును, పెద్ద ఓడలు తీరమునకు మైళ్ల దూరమున లంగరు వేయవలసివచ్చెడిది. సరకు చిన్నపడవలమీదనే ఒడ్డు చేరెడిది. ఓడలను దూరముగా నిలిపిన ఆ మేటయే అలలను గూడ దూరముననే విరిచి ఊళ్లను కాచుచుండెను. ఒడ్డున పెరిగినవానికి ఇది చిన్ననాటి పాఠము.

ఉప్పెన ఈ పాఠమును తలక్రిందులు చేయును. అది అల జాతికి చెందినది కాదు. తుపానుగాలి గంటల తరబడి నీటిని తీరమువైపునకు నెట్టును. లోతైన సముద్రమున నైనచో అట్లు వచ్చిన నీరు అడుగుదారిన వెనుకకు మళ్లిపోవును. మేటసముద్రమున ఆ దారి లేదు. కాబట్టి నీరు పోగుపడి పైకి లేచి, నేలమీదికి నడచును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచినది ఇదియే. ఆనాడు సుమారు 30,000 మంది మృతినొందిరని లెక్కకు వచ్చినది.

1977 నవంబరు 19, శనివారమునాడు తుపాను చీరాల ప్రాంతమున తీరము దాటినది. అంతటి దూరమున దాటినదానివలన దివిసీమ ఏల మునిగెనని అడుగవచ్చును. మన సముద్రములందలి తుపానుగాలి గడియారపు ముల్లునకు ఎదురుగా చుట్టును. అందుచే తుపాను నడచు దారికి కుడిప్రక్కన గాలి సముద్రమునుండి నేలకు కొట్టును. దివిసీమ ఆ కుడిప్రక్కన పడినది. నీరు సుమారు 16 అడుగుల యెత్తున లేచి, పాలకాయతిప్ప, సొర్లగొంది మొదలగు ఊళ్లను తుడిచిపెట్టినది. ప్రాణములు గోల్పోయినవారు పదివేలమందియని సాధారణముగా చెప్పుదురు. అంతకు మించిన లెక్కలును కలవు.

తాటిచెట్టంత అల వచ్చినదని బ్రతికి బయటపడినవారు చెప్పిన మాటను కొందరు అతిశయోక్తిగా తలంతురు. నే నట్లు తలంపను. ముప్పాతిక వంతు లెక్కను మరల తలచుకొనుడు. 16 అడుగుల నీరు చేరినపుడు మేటమీది లోతును అంతగా పెరుగును. ఎన్నడును మేటను దాటని కెరటము నాడు విరుగక దాటి, ఉప్పెన వీపుమీద నెక్కి ఇంటి చూరునకే వచ్చును. దినదినము కాపాడిన మేటయే ఉప్పెనను పెంచినది. ఆ యుప్పెన మేటను ముంచి అలలకు దారి విడిచినది.

ఆ పిమ్మట ఈ తీరమున తుపాను రక్షణ గృహములు వెలసినవి. వానిలో పెక్కింటికి క్రింది అంతస్తు గోడలు లేక, స్తంభములు మాత్రమే యుండును. బాటసారులు అది సొమ్ము చాలక విడిచిన పని యనుకొందురట. ఆ స్తంభముల నడుమ ఖాళీ నీరు పోవుటకు విడిచిన దారి.