కృష్ణమ్మ చేరింది పాత చెరువులకే

2025 ఆగస్టు 30న కుప్పం దగ్గర పరమసముద్రం చెరువులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కృష్ణా జలాలకు హారతి ఇచ్చారు. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా, పుంగనూరు బ్రాంచి, కుప్పం బ్రాంచి కాలువల గుండా సుమారు 738 కిలోమీటర్లు వచ్చిన నీళ్లవి. శ్రీశైలం నిండు నీటిమట్టం 885 అడుగులు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 2,000 అడుగుల పైన ఉన్న ఊళ్లు. మోటార్లతో మెట్టుమెట్టుగా ఎత్తిపోస్తే తప్ప ఆ నీరు ఇక్కడికి రాదు. అంత ఖర్చుతో తెచ్చిన నీళ్లు చివరికి నిలిచింది ఊరి చెరువులోనే. ఈ సీమలో నీటి వనరులు ఎన్ని మారినా చెరువు అవసరం తీరలేదని నా వాదన. మారినదల్లా దాని బాగోగులు చూసే చెయ్యి.

ఏడాది పొడవునా పారే నది ఇక్కడ లేదు. కుప్పం ప్రాంతంలో పాలారు ఉన్నా ఎక్కువ కాలం ఇసుక మేటే. అందుకే పూర్వులు వంకలకు అడ్డంగా కట్టలు పోసి, ఒక చెరువు నిండితే మొరవ నీళ్లు కింది చెరువుకు పోయేలా గొలుసుగా కట్టుకున్నారు. ఆ విద్య ఎంత పక్వమైందో కడప జిల్లాలోని 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెబుతుంది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశారు. కట్టలో ఊట, చౌడునేల వంటివి చెరువుకు దోషాలని కూడా అందులో చెక్కించారు. కట్టడం ఒక్కసారి పని, కాపాడటం ఏటేటా పని. దానికే దశబంధం ఇనాములు ఏర్పడ్డాయి: చెరువు మరమ్మతు చూసేవారికి భూమిలో హక్కు. తూము తీసి మడిమడికీ నీళ్లు పంచేవాడు నీరుగంటి. మొరవ పోయిన రోజు కట్ట మీద గంగమ్మకు పూజ, పిల్లల ఈతలు, చేపల వేట. తాగునీరూ సాగునీరూ వేడుకా ఒకే కట్ట మీద ఉండేవి.

ఆంగ్లేయుల పాలనలో ఈ బంధం సడలింది. ఊరివాళ్లతో చెరువు పని చేయించడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టమే చేయాల్సి వచ్చింది. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం పెట్టింది. పెత్తనం కచేరీకి చేరింది, పూడిక చెరువులో మిగిలింది. ఆపైన బోర్లు వచ్చి, చెరువు నిండిందా లేదా అన్న ఆరా కూడా తగ్గింది. 1997లో నీటి సంఘాల చట్టం రైతుకు మళ్లీ చోటిచ్చింది గానీ పాత పట్టు రాలేదు.

వాన లేని ఏడు చెరువు ఉండి ఏం లాభమని అడగవచ్చు. నిజమే, వరుస కరువుల్లో అవి ఎండిపోయాయి, కృష్ణా నీరు కావాలని సీమ అడిగింది అందుకే. అయితే ఆ నీరూ శ్రీశైలానికి వరద వచ్చినప్పుడే వస్తుంది. మిగతా నెలలకు దాచుకునే చోటు కావాలి. పాత వేడుకను తిరిగి తేవాలని కట్టలపై పార్కులు, చెరువులో పడవలు పెడితే నీరు పాడవుతుందన్న భయమూ సబబే. మదనపల్లెకు చిప్పిలి దగ్గర ఉన్నటువంటి తాగునీటి నిల్వలకు కంచె ఉండాల్సిందే. మిగతా చెరువుల కట్టపై మాత్రం జనం తిరగాలి. తిరిగే కట్టకు గండి పడితే నలుగురి కంట పడుతుంది. తిరగని చెరువు ఆక్రమణకు గురవుతుంది.

కాబట్టి కాలువకు పెట్టే ఖర్చులో కొంత వాగుల నుంచి చెరువుకు వచ్చే సప్లై చానళ్లకు పెట్టండి. ప్రతి చెరువుకూ జీతమిచ్చి ఒక నీరుగంటిని పెట్టండి. ఎక్కడి నుంచో ఎత్తిపోసిన నీటిని పూడిక నిండిన చెరువులో పోయడం మాని, ముందు చెరువును బాగుచేయండి.