షాపు కిటికీలో షోకిల్లారాయుళ్లు

లండన్ స్ట్రాండ్ వీధిలో 39వ నంబరు దుకాణం. కిటికీ నిండా అచ్చుబొమ్మలు, వాటి ముందు మూగిన జనం. 1772లో ఎడ్వర్డ్ టోఫమ్ ఈ దృశ్యాన్నే బొమ్మ కట్టాడు. చూడవచ్చినవాళ్లనూ వదలకుండా వెక్కిరిస్తూ గీశాడు. ఆ దుకాణం మేథ్యూ, మేరీ డార్లీ దంపతులది. దాని వాడుక పేరు ‘మకరోనీ ప్రింట్ షాపు’.

మకరోనీలంటే ఆనాటి షోకిల్లారాయుళ్లు. పెద్దింటి కుర్రాళ్లు చదువు ముగించి యూరప్ యాత్రకు వెళ్లి, ఇటలీలో మకరోనీ రుచి మరిగి వచ్చేవారు. తల మీద గోపురమంత విగ్గు, దాని కొసన బుల్లి టోపీ, ఒంటికి అతుక్కున్న కోటు. తమాషా ఏమిటంటే, వాళ్లను వెక్కిరించిన విద్య కూడా ఇటలీ నుంచే దిగుమతైంది. ఇటాలియన్‌లో ‘కరికారె’ అంటే బరువెక్కించడం. ముక్కు కాస్త పొడుగైతే మూరెడు చేయడమన్నమాట. 16వ శతాబ్దం చివర అన్నిబాలె కరాచ్చి వంటి చిత్రకారులు సరదాకు మొదలుపెట్టిన ఈ ఆటను యాత్రికులు ఇంగ్లండుకు మోసుకొచ్చారు. షోకూ, దాని మీద వెటకారమూ ఒకే పెట్టెలో దిగాయి.

దాన్ని జనంలోకి తెచ్చింది రాగిరేకు. రేకుకు మైనం పూత పట్టించి, సూదితో బొమ్మ గీసి, ఆమ్లంలో ముంచితే గీత పడ్డ చోటల్లా లోహం కరిగిపోతుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద ఒత్తడమే. రంగులు మాత్రం చేత్తో అద్దాలి. కాపీ రాయుళ్ల బెడద భరించలేక చిత్రకారుడు విలియం హోగార్త్ పోరాడి 1735లోనే చట్టం చేయించాడు. దాంతో అచ్చుబొమ్మ మీద గీసినవాడికి 14 ఏళ్ల హక్కు దక్కింది.

1762లో వ్యంగ్యచిత్రాలు గీయడం నేర్పే పుస్తకం వేసిన మేరీ డార్లీ, గీతల సరదా ఉన్న దొరలనూ దొరసానులనూ బొమ్మలు పంపమని పిలిచింది. అంటే గొప్పింటివాళ్ల వేషాలను ఎగతాళి చేసే బొమ్మల్లో కొన్నిటికి ఊహ అందించినవాళ్లూ గొప్పింటివాళ్లే! 1776 ప్రాంతంలో ఆడవాళ్ల సవరాలు ఆకాశానికి ఎక్కాయి. డార్లీలు వాటి మీద ఈకలు, పళ్లు, కూరగాయలు కూడా పేర్చి అమ్ముకున్నారు.

మామూలుగా బొమ్మ ఒక షిల్లింగు, రంగులద్దితే రెండు. కూలివాడికి అందని ధర. అతనికి కిటికీ ఉంది, చూసినంతసేపూ ఉచితం. కొనేది మాత్రం బొమ్మకెక్కిన తరగతే. పికడిల్లీలో ఫోర్స్ అనే వ్యాపారి ఒక సాయంత్రానికి ఆల్బమ్‌లు అద్దెకిచ్చేవాడు, విందుకొచ్చిన అతిథులు తిరగేసి నవ్వుకోవడానికి. ఆఖరికి 1792లో వ్యంగ్యచిత్రకారుడు జేమ్స్ గిల్రే చేతిలో తిండిపోతుగా బొమ్మకెక్కిన యువరాజు కూడా ఇలాంటి బొమ్మలు కొని దాచుకున్నవాడే. రాజయ్యాక మాత్రం నవ్వు మింగుడు పడలేదు. తనను అసభ్యంగా గీయనని మాట తీసుకుని, 1820లో మరో వ్యంగ్యచిత్రకారుడు జార్జ్ క్రుక్‌షాంక్‌కు 100 పౌండ్లు ఇప్పించాడు.

గిల్రే తన బొమ్మలు అమ్మే హన్నా హంఫ్రీ దుకాణం మేడ మీదే కాపురం ఉండేవాడు. 1808లో వచ్చిన అతని బొమ్మలో ఆ దుకాణం ముందు ఒక ముసలాయన జారి వెల్లకిలా పడతాడు. విగ్గు ఊడిపోతుంది. వెనక కిటికీకి కళ్లప్పగించినవాళ్లు మాత్రం అటు తిరిగి చూడరు.