మూలగది కిటికీలు

నా చిన్నప్పుడు మా మేనత్తకి క్షయ వచ్చింది. చలిగాలి సోకితే మనిషి దక్కదని పెద్దవాళ్లు ఆవిణ్ణి మూలగదిలో పడుకోబెట్టి కిటికీలు బిగించేశారు. మూడు పూటలా ఆ గదిలోకి వెళ్లి అన్నం పెట్టింది మా అమ్మ. ఏడాది తిరక్కుండా అమ్మకీ దగ్గు పట్టుకుంది. మందులు వచ్చిన రోజులు గనక ఇద్దరూ బతికారు. "ఆవిడ గ్లాసుతో నీళ్లు తాగావా?" అని అందరూ అమ్మనే నిలదీశారు గాని, గది సంగతి ఎవ్వరూ ఎత్తలేదు.

గది సంగతి అంతకు వందేళ్ల ముందే ఎత్తింది ఫ్లారెన్స్ నైటింగేల్. చేతిలో దీపం ఉన్న బొమ్మే మనకి తెలుసు. నిజానికి ఆవిడ ధ్యాసంతా కిటికీల మీదే. 1854లో క్రిమియా యుద్ధంలో దెబ్బతిన్న సైనికులకి సేవ చెయ్యడానికి టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి వెళ్లింది. 1855 ఫిబ్రవరిలో అక్కడ చావులు నూటికి 42. మార్చిలో వచ్చిన ప్రభుత్వ బృందం మురుగుకాల్వలు కడిగించి, వార్డుల్లో గాలి ఆడేట్టు చేసింది. జూన్ నాటికి ఆ లెక్క రెండుకి దిగింది. ఇంగ్లండు తిరిగొచ్చాక, 1859లో ఆసుపత్రుల కట్టడం మీద పుస్తకమే రాసింది. పొడుగాటి వార్డు, రెండు వైపులా ఎదురెదురు కిటికీలు, రెండు మంచాలకొక కిటికీ. లండన్‌లో 1871లో తెరిచిన సెయింట్ థామస్ ఆసుపత్రిని ఆ పద్ధతిలోనే కట్టారు.

తమాషా ఏమిటంటే, అప్పట్లో ఆవిడ సూక్ష్మజీవుల్ని నమ్మలేదు. రోగాలకి మూలం చెడుగాలే అనుకునేది. కారణం తప్పయినా కిటికీ మాత్రం రైటే!

ఆ రుజువు 1950ల చివర బాల్టిమోర్‌లో దొరికింది. రిచర్డ్ రైలీ అనే డాక్టరుగారు క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా గినీ పందుల గదిలోకి పంపించారు. రోగుల్ని చూడలేదు, వాళ్ల కంచం ముట్టలేదు, ఒట్టి గాలి పీల్చాయంతే. రెండేళ్లలో 71 గినీ పందులకి క్షయ అంటుకుంది. దగ్గు తుంపరలు ఆరిపోయి, కంటికి కనపడనంత నలుసులై గంటల తరబడి గాలిలో తేలతాయి. బయటిగాలి వస్తేనే పలచబడతాయి.

2007లో అచ్చయిన ఒక పరిశోధన ఇంకా ముచ్చటైనది. పెరూ దేశపు లిమా నగరంలో ఆసుపత్రి గదుల్ని కొలిచి చూశారు. 1950కి ముందు కట్టిన, ఎత్తు కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న గదుల్లో తలుపులన్నీ తెరిస్తే గంటకి 40 సార్లు గాలి మారుతోందట! యంత్రాలు బిగించిన కొత్త గదుల్లో 12 సార్లే.

మా మూలగదికి రెండు కిటికీలుండేవి. ఎదురెదురుగానే.