విజ్ఞానానికి చందాలు - రచయితకు కూలి

నేటి విద్యార్థి జేబులో వున్న ఫోను ఒక గ్రంథాలయం. పాఠమైనా, నిఘంటువైనా, పాత పుస్తకమైనా పైసా ఇవ్వకుండా దొరుకుతున్నది. ఇలాంటివాటిని స్వేచ్ఛా విద్యావనరులంటున్నారు. 2002లో యునెస్కో సమావేశమొకటి వాటికి ఆ పేరు పెట్టింది. చదివేవాడికి ఖర్చు లేదు, మంచిదే. మరి రాసేవాడి అన్నం మాట? "ఇష్టమున్నవారు అంతర్జాలంలో విరాళం పంపండి" అన్నదే ఇప్పుడు వినవస్తున్న జవాబు. ఇదేదో కొత్త జవాబని యువకులు అనుకుంటున్నారు. గోదావరి జిల్లాల్లో ఈ జవాబుకు నూరేళ్లు పైబడిన చరిత్ర వున్నది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో వరి పండింది, మిగులు పోగుపడింది. భూస్వామి, వర్తకుడు, ప్లీడరు - చందా పుస్తకం ముందుగా వెళ్లింది వీరి గుమ్మాలకే. 1898లో రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు వీరేశలింగంగారి పేర పుస్తక భాండాగారం స్థాపించేనాటికి ఆయన వయస్సు పదిహేడేళ్లు. అది, వడ్డాది సుబ్బారాయుడుగారి వసురాయ గ్రంథాలయం కలిసి 1920లో గౌతమీ గ్రంథాలయమైనవి. కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపిస్తే అధ్యక్షత వహించినవారు మన చిలకమర్తి. ఇదంతా ప్రజల ఉద్యమమే, సందేహం లేదు. ఐతే ఆ మిగులును పండించిన పాలేరుకు అక్షరం ముక్క రాదు. ఆ లోటు చూసినవారు కనుకనే చిలకమర్తి 1909లో దళితుల పిల్లలకోసం బడి పెట్టారు.

ఈ చందాలతో బీరువాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. పుస్తకం రాసినవాడికి ఏం వచ్చింది? వీరేశలింగం పంతులుగారినే చూడండి. 1874లో వివేకవర్ధని ప్రారంభించారు; బడిపిల్లలకు వాచకాలూ, వ్యాకరణమూ రాశారు; చివరకు 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తిని దానికి ధారపోశారు. రచయితా ఆయనే, దాతా ఆయనే! ఇది మహనీయమైన త్యాగం. కాని ఒక మనిషి త్యాగాన్ని అందరికీ వర్తించే ఆర్థిక సూత్రంగా చూపి, "పంతులుగారు ఇవ్వలేదా?" అని పేద రచయితను అడగడం అన్యాయం.

దాత ఒక్కడే ఐతే ఏమవుతుందో సూర్యరాయాంధ్ర నిఘంటువు చెబుతుంది. ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన ఆ బృహత్కార్యానికి పోషకులు పిఠాపురం మహారాజావారు. మొదటి సంపుటం వెలువడింది 1936లో. పండితులకు దానివల్ల జీవనం దొరికింది, ఇది ఒప్పుకోవాలి. కాని సంపాదకత్వం వహించిన జయంతి రామయ్య పంతులు గ్రాంథికవాదుల నాయకుడు. కావ్యాల్లోని మాటకు పెద్దపీట వేశారు. కాలువగట్టు మీద రైతుకూలీ మాట్లాడే మాట గడప బయటే నిలబడిపోయింది. మహారాజావారు సంస్కరణాభిమాని కారని నేననను. ఐనా, పోషకుడొక్కడూ పండితవర్గమొకటీ కూడి నడిపే నిఘంటువులో జనం భాషకు ఓటు వుండదు.

మరొక దారి డెల్టా బయట తెరుచుకున్నది. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి దాత ముందు చేయి చాచడానికి బదులు చందాదారును వెతికింది. దాత ఇచ్చి మరచిపోతాడు, లేదా ఇచ్చి పెత్తనం చేస్తాడు. చందాదారు మాత్రం పుస్తకమేదని అడుగుతాడు. మండలి నవలలకు పోటీలు పెట్టి బహుమతులూ ఇచ్చింది. ఐనా కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకుంటే మూడు సంపుటాలు వచ్చి, అకారం దాటకముందే 1923లో ఆయన కన్నుమూశారు. అంత పనిని ఒక మనిషి ఓపిక మీద నిలబెట్టిన సమాజానిది ఆ తప్పు.

నేటి విజ్ఞాన సర్వస్వం తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని నడిపే అమెరికా సంస్థ ప్రపంచమంతటా చిన్న చిన్న విరాళాలు పోగుచేస్తుంది. ఆ డబ్బుతో యంత్రాలు నడుస్తాయి, ఉద్యోగులకు జీతాలు ముడతాయి. వ్యాసం రాసే తెలుగువాడికి మాత్రం కూలి లేదు. వాళ్లు కోరి చేస్తున్న సేవ అది, నాకు గౌరవమే. ఇక సొంతంగా పాఠాలు చెప్పి అందరికీ వదిలిపెట్టే ఉపాధ్యాయులున్నారు. 2016లో యూపీఐ వచ్చాక పదిరూపాయలు పంపడం కూడా సులువైంది. కాని పేరున్నవాడికి పదులు వేలవుతాయి. వ్యాకరణం చెప్పేవాడికి, ఛందస్సు చెప్పేవాడికి టీ ఖర్చు రాదు.

నావంటి నెలజీతగాడు ఉచితంగా పాఠం రాసి పెట్టగలడు. ఆ ఔదార్యానికి ఖర్చు పెట్టుకునేది ప్రభుత్వ ఖజానా. గంటల లెక్కన కూలి తీసుకునే అతిథి అధ్యాపకుడు అదే పని చేస్తే ఆ రాత్రి నిద్ర అతని సొంత పెట్టుబడి. కాబట్టి విరాళం వద్దనను. వ్యక్తుల పేర కాక, అధ్యాపకులూ విద్యార్థులూ కలిసిన సహకార సంఘం పేర చందా పోగుచేద్దాం. ఏ పాఠం కావాలో చందాదారులు సభలో తేల్చాలి, రాసినవాడికి ముందే కూలి కట్టాలి, ఆ తరువాతే పాఠాన్ని అందరికీ ఉచితంగా వదలాలి. పాఠ్యపుస్తకం రాయించవలసిన ప్రభుత్వం మాత్రం "చందాలున్నాయిగా" అని తప్పుకోవడానికి వీల్లేదు. దాని పద్దు దానిదే.